గడప దాటని విందు

సర్రియలిస్టు సినిమాల పిచ్చి ఉన్నవాళ్లకు ఒక చెడ్డ అలవాటుంది. ‘ఏదైనా వింత సినిమా చెప్పరా’ అని స్నేహితుడు అడగడమే ఆలస్యం, డేవిడ్ లించ్ ‘ఇరేజర్‌హెడ్’ (1977) చేతిలో పెట్టేస్తారు. ఆ చీకట్లో, ఆ ఆగని పసికందు ఏడుపుతో అరగంట గడిపినవాడు మళ్లీ ఆ దారి తొక్కడు. ఆవకాయ ఎరగనివాడికి మొదటి ముద్దే గొడ్డుకారంతో కలిపి పెడితే ఏమవుతుంది? తప్పు సినిమాది కాదు, వడ్డించినవాడిది.

మొదలుపెట్టాల్సింది లూయీ బున్యుయెల్‌తో. అలాగని 1929లో సాల్వడార్ డాలీతో కలిసి తీసిన ‘అన్ షియెన్ ఆందలూ’ కాదు. కంటిని రేజరుతో కోసే దృశ్యం ఉందందులో; వాడింది చచ్చిన దూడ కన్నే అని చెప్పినా చాలామంది మొహం తిప్పుకుంటారు. ఆయన మెక్సికోలో తీసిన ‘ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’ (1962) చూపించాలి.

ఒపేరా చూసొచ్చిన గొప్పింటివాళ్లు ఒక మేడలో విందుకు చేరతారు. వంటవాళ్లు, నౌకర్లు కారణమేమీ లేకుండానే ఒక్కొక్కరుగా జారుకుంటారు. భోజనాలయ్యాక అతిథులెవరూ ఆ హాలు దాటి వెళ్లలేరు. తాళం లేదు, కాపలా లేదు. గుమ్మం దాకా వస్తారు, ఏదో సాకు చెప్పి ఆగిపోతారు. రోజులు గడుస్తాయి. గోడ పగలగొట్టి పైపులోంచి నీళ్లు పట్టుకుంటారు, లోపలికొచ్చిన గొర్రెలను కోసుకు తింటారు. పట్టుబట్టల మర్యాదలన్నీ అక్కడే రాలిపోతాయి. ‘ఇక వెళ్లొస్తాం’ అంటూనే గుమ్మంలో మరో గంట కబుర్లు చెప్పే చుట్టాలున్న తెలుగిళ్లకు ఈ సినిమా సగం తెలిసిందే!

అతిథులు ఇంట్లోకొచ్చే దృశ్యం ఇందులో రెండుసార్లు వస్తుంది. ఎడిటింగ్‌లో పొరపాటు జరిగిందేమోనని ఛాయాగ్రాహకుడు గాబ్రియెల్ ఫిగెరోవాయే కంగారుపడ్డారని బున్యుయెల్ ఆత్మకథలో రాసుకున్నారు.

ఆయనదే ‘ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ’ (1972) దీనికి తిరగేసిన బొమ్మ. ఇక్కడ ఆరుగురికి తినడమే కుదరదు. ఒకచోట పక్కగదిలో హోటల్ యజమాని శవం ఉంటుంది. ఇంకోచోట బల్ల ముందు కూర్చోగానే తెర లేస్తుంది, చూస్తే వాళ్లున్నది నాటకం స్టేజీ మీద. కడుపుబ్బ నవ్వించే ఈ సినిమాకు ఉత్తమ విదేశీ భాషాచిత్రంగా ఆస్కార్ వచ్చింది.

మన పక్కనే కావాలంటే లిజో జోస్ పెల్లిస్సేరి ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’ ఉంది. వేళాంగణ్ణి నుంచి తిరిగొస్తున్న మలయాళీ మమ్ముట్టి కునుకు తీసి లేచి, బండి ఆపించి, ఒక తమిళ పల్లెలోకి నడుస్తాడు. ఎన్నడో కనబడకుండా పోయిన సుందరం ఇంట్లో దూరి, సుందరమే అయిపోతాడు. ఎందుకో దర్శకుడు చెప్పడు. మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేచినప్పుడు, పొద్దున్నో సాయంత్రమో తెలియని ఆ మగతను మమ్ముట్టి నడకలోనే చూడొచ్చు.

తెలుగులో సర్రియలిజం, అంటే అధివాస్తవికత, శ్రీరంగం నారాయణబాబు కవిత్వంలో ఎప్పుడో కనిపించింది. తెర మీద మాత్రం జంకు పోలేదు. ప్రశాంత్ వర్మ ‘అ!’ (2018)లో నాని గొంతుతో చేప మాట్లాడుతుంది, రవితేజ గొంతుతో బోన్సాయ్ చెట్టు మాట్లాడుతుంది. అంతా హాయిగా సాగుతుండగా చివర్లో అన్నిటికీ లెక్క అప్పజెప్పేశారు. ఆ చేపనైనా దాని మానాన వదిలేయాల్సింది.

ఇవన్నీ చూశాక కూడా ఇంకా కావాలన్న స్నేహితుడికి, అప్పుడు ‘ఇరేజర్‌హెడ్’ ఇవ్వొచ్చు. ఆ పసికందును దేనితో తయారుచేశారని అడిగితే మాత్రం జవాబు లేదు. 2025 జనవరిలో కన్నుమూసేదాకా లించ్ ఆ సంగతి బయటపెట్టలేదు.