మొదటి సంపుటముతో నిలువరాదు

మన పాఠశాలలో పెద్ద తరగతుల విద్యార్థినీ విద్యార్థులు కొందఱు కొంతకాలముగా ఇంగ్లీషు నవలలు చదువుచున్నారు. అందు సైన్సు ఫిక్షను అని పిలువబడు శాస్త్రకల్పనలనిన వారికి మక్కువ మెండు. ఇది సంతోషింపదగిన సంగతి. ఒక్క పుస్తకముతో ముగియు కథ యైనచో తల్లిదండ్రులు ఆక్షేపింపరు. కాని మూడు సంపుటములో, ఏడు సంపుటములో గల నవలామాలికను బిడ్డ చేతబట్టినప్పుడు మాత్రము, "పరీక్షలు దగ్గఱకు వచ్చుచుండగా ఇన్ని పుటలెందులకు? మొదటిది చదివితివి గదా, చాలదా?" అని అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కావున దానికి ఉత్తరము చెప్పుట ఉపాధ్యాయుల విధి. చాలదనియే మా అభిప్రాయము. మంచి నవలామాలికలో మొదటి సంపుటము మాత్రమే చదివి విడిచినవాడు సగము తెలిసికొన్నవాడు కాడు, తప్పుగా తెలిసికొన్నవాడు. ఈ మాటను ఒక ఉదాహరణముతో చూపుదుము.

ఈ వేసవి సెలవులలో మేము ఐజాక్ అసిమోవ్ రచించిన 'ఫౌండేషన్' నవలలను మొదటిసారిగా చదివితిమి. అసిమోవ్ 1920లో రష్యాదేశమున జన్మించి, మూడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో అమెరికా చేరెను. తండ్రి న్యూయార్కు నగరమున మిఠాయి దుకాణము నడిపెడివాడు. ఆ దుకాణమున అమ్మకమునకు వచ్చు పత్రికలే బాలునకు శాస్త్రకల్పనల రుచి చూపినవి. పెద్దవాడై రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, బోస్టన్ విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రమును బోధించెను. ఫౌండేషన్ కథలలో మొదటిది 1942లో ఒక మాసపత్రికయందు వెలువడెను. అప్పటికి రచయితకు 22 ఏండ్లు. ఆ కథలు 1951, 1952, 1953 సంవత్సరములలో 'ఫౌండేషన్', 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్', 'సెకండ్ ఫౌండేషన్' అను మూడు సంపుటములయ్యెను. 1966లో ఈ మూడింటికి, అన్ని కాలముల నవలామాలికలలో ఉత్తమమైనదిగా హ్యూగో బహుమానము లభించెను. దాదాపు ముప్పదియేండ్ల పిమ్మట రచయిత మరల కలము పట్టి 1982లో నాలుగవదియు, 1986లో ఐదవదియు వెలువరించెను. 1988లో వచ్చిన సంపుటమును, ఆయన మరణించిన మఱుసటి యేడు 1993లో వచ్చిన సంపుటమును మొదటి కథకు పూర్వము జరిగిన సంగతులను చెప్పును. ఇట్లు మొత్తము ఏడు.

కథ బహుదూరపు భవిష్యత్తులో జరుగును. మానవులు నక్షత్రలోకమంతట వ్యాపించి యుందురు. ట్రాంటర్ అను గ్రహము రాజధానిగా 12,000 ఏండ్లనుండి ఒక మహాసామ్రాజ్యము వెలయుచుండును. ఆ సామ్రాజ్యము కూలిపోవునని హారీ సెల్డన్ అను గణితశాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చెప్పును. కూలిన పిమ్మట 30,000 ఏండ్లు అంధకారము. పతనమును ఆపుటకు వీలులేదు. అంధకారమును మాత్రము 1,000 ఏండ్లకు తగ్గింపవచ్చును. అందులకై మానవజాతి జ్ఞానమునంతటిని ఒక సర్వస్వముగా కూర్చుటకు కొందఱు పండితులను లోకపు టంచుననున్న టెర్మినస్ అను చిన్న గ్రహమునకు పంపుదురు. ఆ నివాసమే ఫౌండేషన్. రోమక సామ్రాజ్య పతనమును గూర్చి గిబ్బన్ అను ఆంగ్ల చరిత్రకారుడు వ్రాసిన గ్రంథము ఈ కల్పనకు ప్రేరణము.

జ్ఞానసర్వస్వమును కూర్చుట తెలుగువారికి క్రొత్త మాట కాదు. 1906లో మన హైదరాబాదునందే స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణమువంటివారైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తరువాత 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను ప్రారంభించిరి. 1923లో వారు మరణించునప్పటికి మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూడును 'అ' అను అక్షరముతోనే నిండిపోయినవి. సెల్డను పండితులు పూనుకొన్న పని యెంత పెద్దదో ఊహింపదలచిన విద్యార్థి ఈ సంగతిని దలచుకొనిన చాలును.

ఇక సెల్డను శాస్త్రము మాట. వాయువును గూర్చి మన విద్యార్థులు చదువుకొను పాఠమే దానికి పోలిక. పాత్రలోని ఒక్క అణువు ఏ దిక్కునకు పోవునో ఎవ్వరును చెప్పలేరు. కోట్లకొలది అణువులు కలిసి పాత్ర గోడపై ఎంత యొత్తిడి చేయునో చక్కగా లెక్కింపవచ్చును. అట్లే ఒక్క మనుష్యుడు రేపేమి చేయునో తెలియదు. కోటానుకోట్ల మనుష్యులు కలిసి ఏ దారిని పోవుదురో లెక్కకు అందునని సెల్డను సిద్ధాంతము. జనసంఖ్య మిక్కిలి పెద్దదై యుండవలెను. తమను గూర్చి లెక్కగట్టిరని ఆ జనులకు తెలియకుండవలెను. ఈ రెండు నియమములు తప్పినచో శాస్త్రము పనిచేయదు.

మొదటి సంపుటమున ఆపద వెంట ఆపద వచ్చును. ప్రతి పర్యాయమును సెల్డను లెక్కయే నిజమగును. చదువరికి ధైర్యము కలుగును. పోను పోను ఆ ధైర్యము నిర్లక్ష్యముగా మాఱును. ఏమి జరిగినను మనవారే గెలుతురు, అంతయు ముందే వ్రాసియున్నది అని తోచును. ఈ స్థితిలో పుస్తకమును మూసి, ఇక చాలుననుకొన్న బాలుడు నేర్చిన పాఠమేమి? తెలివిగలవాడు లెక్కగట్టిన భవితవ్యమునకు తిరుగు లేదు అని. అసిమోవ్ చెప్పదలచినది ఇది కాదు.

రెండవ సంపుటమున లెక్క తప్పును. ఎట్లు తప్పునో, ఎవరిచేత తప్పునో మేము చెప్పము. మొదటిసారి చదువువారి సొత్తును వారికి ముందే దోచుకొనుట న్యాయము కాదు. చెప్పదగినది ఇంతమాత్రమే: మొదటి సంపుటము కలిగించిన నిశ్చింత యెంత గొప్పదో, రెండవదానియందలి కలవరము అంత గొప్పది. మొదటిది చదువనివానికి రెండవదానిలో కలవరము లేదు; రెండవది చదువనివానికి మొదటిదానిలో వివేకము లేదు. కూలిన నమ్మకమును మరల నిలబెట్టవచ్చునా, నిలబెట్టుటకు ఎంత వెల యియ్యవలెను అని మూడవది విచారించును. ఇతరులు వేసిన దారిని తెలియకయే నడచుట మానవునకు మేలేనా అని నాలుగవది అడుగును. ఒక్కొక్క సంపుటము తన ముందుదానిని ప్రశ్నించుచు పోవును. వీనిని విడదీయరాదనుటకు ఇదియే కారణము.

ఉప్పలు, నాచారము బిడ్డలకు ఈ సంగతి బోధపఱచుటకు నక్షత్రలోకముల దాక పోనక్కఱలేదు. హబ్సిగూడనుండి ఉప్పలునకు వచ్చు దారిలో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. అచ్చటి మెట్రో రైలు స్టేషనునకు దాని పేరే పెట్టిరి. భూమి కదలికలను పరిశీలించుట ఆ సంస్థ పనులలో నొకటి. భూకంపశాస్త్రము సెల్డను శాస్త్రమునకు దగ్గఱి చుట్టము. ఏ ప్రాంతమున ప్రమాదము హెచ్చు, ఎచ్చట తక్కువ అని శాస్త్రజ్ఞులు చెప్పగలరు. ఫలాని దినమున ఫలాని గడియకు భూమి కంపించునని చెప్పలేరు. దక్కను నేల గట్టిది, భయము తక్కువ అని వెనుకటి పటములు తెలుపుచుండెను. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱకముందు, మహారాష్ట్రమున లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో ఆ గట్టి నేలయే కంపించెను. రాతిగోడల యిండ్లు నిద్రించువారిపై కూలి దాదాపు 10,000 మంది మరణించిరి. పిమ్మట 2002లో సవరించిన దేశపు భూకంప పటమున, అత్యల్ప ప్రమాదమని పేరుగల మొదటి మండలమునే తీసివేసిరి. శాస్త్రము అబద్ధమని దీని యర్థము కాదు. మొదటి సంపుటమునకు రెండవ సంపుటము చేరినదని యర్థము. నిజమైన శాస్త్రజ్ఞుడు ఆ రెండవదానిని చదువక మానడు.

తల్లిదండ్రులతో మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇప్పుడు చెప్పెదము. ఫౌండేషన్ అను పేరును మన వీధులలో బిడ్డలు మఱియొక యర్థమున వినుచున్నారు. ఆఱవ తరగతినుండియే ఐఐటి ఫౌండేషన్ అని గోడలమీద ప్రకటనలు కనబడుచున్నవి. పదునొకండేండ్ల బిడ్డ మార్కులు చూచి, వీడు ఇంజనీరగును, వీడు కాడు అని లెక్కగట్టుచున్నారు. సెల్డను సైతము ఇంత సాహసము చేయలేదు! నూఱుమంది గల తరగతిలో ఎందఱు ఉత్తీర్ణులగుదురో అనుభవముగల ఉపాధ్యాయుడు ఇంచుమించుగా చెప్పవచ్చును. వారిలో ఫలాని పిల్లవాడు ఏమగునో, ఫలాని బాలిక ఏమి సాధించునో చెప్పు విద్య ఏ గణితమునందును లేదు. పైగా, నీవు పనికిరావని బిడ్డకు తెలియజెప్పినచో ఆ మాటయే బిడ్డను మార్చివేయును. అప్పుడు లెక్క యొక్క రెండవ నియమమును తప్పినట్లే. ఎనిమిదవ తరగతి మార్కుల పట్టిక బిడ్డ జీవితమునకు మొదటి సంపుటము మాత్రమే. దానిని చదివి పుస్తకమును మూయరాదు.

ఈ నవలలలో లోపములు లేవని మేము అనుటలేదు. మొదటి సంపుటమున చెప్పుకోదగిన స్త్రీ పాత్ర లేదు. రెండవదానియందు బేటా అను యువతియు, మూడవదానియందు పదునాలుగేండ్ల ఆర్కడీ అను బాలికయు ముఖ్యులై ఆ కొఱతను కొంత తీర్తురు. మన విద్యార్థినులు విసుగు చెంది మొదటిదానితో విడువరాదనుటకు ఇది మఱియొక కారణము. వేలకొలది యేండ్ల తరువాతి కథ యైనను, ఇప్పుడు ప్రతి యింటను ఉన్న కంప్యూటరును ఆ తొలికథలు ఊహింపలేదు. ముందుచూపుగల రచయితకును చూపునకు హద్దు కలదని దీనివలన తెలియును. ఫౌండేషనువారు అణుశక్తికి మతవేషము వేసి పొరుగు రాజ్యములను లోబఱచుకొను భాగమును చదివి భక్తిగల కుటుంబములవారు నొచ్చుకొనవచ్చును. భక్తిని ఆయుధముగా వాడుకొనుటను ప్రవక్తలే ఖండించియున్నారు. కథలో దానిని చూచుటచేత నిజమైన విశ్వాసమునకు హాని లేదు. ఆ యుపాయము కొంతకాలము మాత్రమే పనిచేయునని ఆ సంపుటమే చూపుచున్నది.

కాలము చాలదను ఆక్షేపణకు లెక్కయే ఉత్తరము. మొదటి మూడు సంపుటములలో ఒక్కొక్కటి సుమారు 250 పుటలు. దినమునకు 10 పుటలు చదివినచో మూడును 75 దినములలో ముగియును. వేసవి సెలవులలో మొదలుపెట్టినవానికి అర్ధసంవత్సర పరీక్షలకు ముందే పని పూర్తియగును. ప్రతి కఠిన పదమునకు నిఘంటువును తెఱవనక్కఱలేదు. మూడవసారి అడ్డు తగిలిన మాటకు తెఱచిన చాలును.

చదువు క్రమమును గూర్చి ఒక్క మాట. కథాకాలమునుబట్టి 1988 నాటి సంపుటముతో ప్రారంభింపుమని కొందఱు చెప్పుదురు. అట్లు చేయరాదు. రచయిత వ్రాసిన వరుసనే, 1951 నాటిదానితో మొదలుపెట్టవలెను. తెర వెనుకకు ముందుగా పోయినవానికి నాటకము రుచింపదు. 2021లో ప్రారంభమైన టెలివిజను ధారావాహికను కూడ చదువు ముగించిన పిమ్మటనే చూడుడు. అది నవలలనుండి చాల దూరము పోయినది. ముగింపు ఏమని తోటివారిని అడుగవలదు; అడిగినను చెప్పవలదు. రెండవసారి, మూడవసారి చదువుటకు జీవితమంతయు కలదు. తెలియక చదువు భాగ్యము ఒక్కసారియే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ రెండవ సంపుటమును అడిగినప్పుడు వలదనకుడు. మొదటిదానిలో ఏమి నమ్మితివి, ఇప్పుడు ఏమి సందేహించుచున్నావు అని మాత్రము అడుగుడు. ఆ ప్రశ్నకు బిడ్డ ఇచ్చు ఉత్తరము మార్కుల పట్టికలో కనబడనిది. దానిని వినుటకు మీరు కొంత తీరిక చేసికొందురని కోరుచున్నాము.