చంటిబిడ్డ ఉన్న ఇంట ఎలుకల మందు

తుక్కుగూడ చుట్టుప్రక్కల పొలాలు ప్లాట్లవుతున్నవి. పునాదులు తవ్వితే ఎలుకలు ఎక్కడికి పోవును? మన ఇండ్లలోనికే. గృహదర్శనములకు వెళ్ళినప్పుడు మేము తరచుగా చూచునదేమనగా, పత్తికి కొట్టగా మిగిలిన మందు గూట్లో కొబ్బరినూనె సీసా ప్రక్కనే ఉండును. కొందరు దానిని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచుదురు. దోగాడే బిడ్డకు చీటీ చదవరాదు గదా!

2013 జూలై 16న బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన పేరే అది. అందుచేత పొలం మందు పొలముతోనే ఆగవలెను. ఖాళీ డబ్బాను కడిగినా సరే, ఇంట్లో దేనికీ వాడరాదు.

ఎలుకల పేస్టును టమాట ముక్కకు రాసి మూలన పెట్టుట మన అలవాటు. ఎలుకకు రుచించునది బిడ్డకూ రుచించును. కొన్ని పేస్టులలో పసుపు భాస్వరం ఉంటుంది. దానికి విరుగుడు లేదు. మ్రింగిన బిడ్డ ఒకటి రెండు రోజులు బాగానే ఆడుకొనవచ్చును, ఆ తరువాత కాలేయము చెడును. "ఏమీ కాలేదులే" అని ఇంట్లో ఉంచుకొనుటలోనే ప్రాణాపాయమున్నది.

బియ్యం బస్తాల మధ్య పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు మరీ ఘోరము. గాలిలోని తేమ తగిలితే చాలు, విషవాయువు పుట్టి ప్రక్క గదిలో నిద్రించువారిని కూడా చంపగలదు. దుకాణములో ఎవరైనా ఇచ్చినా కొనవద్దు. నాఫ్తలీన్ గుండ్లు చూడ పిప్పరమెంటు బిళ్ళలే! కొందరు పసివారికి వాటివలన రక్తకణములు విరిగి కామెర్లు వచ్చును. బాలింత గుడ్డల మధ్య వాటిని ఉంచకండి.

మరి ఏమి చేయవలెను? బోను పెట్టండి. తలుపు క్రింది సందుకు రేకు కొట్టండి. కన్నములో ఇనుప పీచు కుక్కి సిమెంటు పూయండి. ఎంగిలి గిన్నెలు రాత్రి ఉంచకండి. బియ్యము మూతగల డ్రమ్ములో పోయండి. తప్పనిసరై ఏదైనా మందు కొంటే డబ్బామీది నలుపలకల గుర్తు చూడండి. దాని అడుగు భాగము ఎరుపో పసుపో అయితే ఇంట్లోనికి తేవద్దు.

బిడ్డ మ్రింగినదని అనుమానము కలిగినా చాలు, 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, పాలు పట్టవద్దు. ఒంటిమీద పడితే బట్టలు విప్పి సబ్బునీళ్ళతో కడగండి. మందు డబ్బాను డాక్టరుగారికి చూపుటకు వెంట తీసికొని వెళ్ళండి. అత్తగారు తిట్టునని కోడలు దాచరాదు. ఎవరు ఎక్కడ పెట్టిరన్న జగడము తరువాత. ముందుగా మా యొద్దకు ప్రార్థనకు తేవద్దు. కబురు పంపితే మేమే వచ్చి బండి ఎక్కుదుము, ప్రార్థన దారిలో చేసికొందము.