పీడ ఒకరికి, కూడు ఒకరికి

కాణిపాకం బ్రహ్మోత్సవాలలో వరసిద్ధి వినాయకుడు మూషిక వాహనంపై ఊరేగుతాడు. ఆ సేవకు చేతులెత్తి మొక్కిన రైతే మర్నాడు బాహుదా నది ఒడ్డున తన వరిమడిలో ఎలుకల మందు పెడతాడు. పంట కొరికే ప్రాణి అతనికి పీడే. అదే గట్టుమీద గడ్డపారతో కలుగు తవ్వే యానాదికి ఎలుక కూలి, కూర. కలుగులో అది దాచిన ధాన్యం గంజి. ఒకే ప్రాణి భక్తికి వాహనం, సేద్యానికి పీడ, ఆకలికి కూడు. దాన్ని పీడ అని తేల్చి, నిర్మూలించమనే అధికారం ఎవరిది? నా దృష్టిలో ఇది కేవలం వ్యవసాయశాస్త్ర ప్రశ్న కాదు, కులం ప్రశ్న కూడా.

ఇక్కడ ఎలుకలపై వైరస్ వదిలే ప్రతిపాదన లేదు. ఉందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే అలాంటి ప్రయోగం జరిగిన చోట ఏమైందో చూడాలి. ఆస్ట్రేలియా 1950లో కుందేళ్లపై మిక్సోమా వైరస్‌ను వదిలింది. మొదట్లో అవి కుప్పలుగా చచ్చాయి; క్రమంగా తట్టుకునే శక్తి పెంచుకున్నాయి. 1995లో నరుంగా ఆదివాసుల నేల అయిన వార్డాంగ్ దీవిలో మరో వైరస్‌ను పరీక్షిస్తుండగా అది కంచె దాటి ప్రధాన భూభాగానికి పాకింది. మధ్య ఆస్ట్రేలియా ఎడారిలోని ఆదివాసులకు అప్పటికే కుందేలు ఆహారమైపోయింది. వలస పాలకులు తెచ్చిన జంతువును వలస సమాజమే శత్రువుగా ప్రకటించింది. మధ్యలో దానిపై బతకడం నేర్చుకున్నవారి మాట చివరికి మిగిలింది.

ఇప్పుడు అక్కడ చర్చ కార్ప్ చేపల మీద. మర్రే-డార్లింగ్ నదులను ఆక్రమించిన ఈ చేపలపై హెర్పిస్ వైరస్ వదిలే అవకాశాన్ని పరిశీలించేందుకు 2016లో కోటిన్నర డాలర్ల ప్రణాళిక ప్రారంభించారు. దాని నివేదిక 2022లో వెలువడింది. నదినే పూర్వీకులుగా భావించే ఆదివాసుల ఆందోళన సూటిగా ఉంది: లక్షల చేపలు ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ ఏమవుతుంది, స్థానిక చేపలు ఏమవుతాయి? 2023 మార్చిలో మెనిండీ వద్ద ఆక్సిజన్ అందక లక్షలాది చేపలు తేలిన దృశ్యం చూసినవారికి ఇది ఊహ కాదు.

మనకూ వైరస్ కొత్త కాదు. శనగపచ్చ పురుగుపై ఎన్‌పీవీ ద్రావణాన్ని సాయంత్రం పూట చల్లడం మన రైతులకు తెలుసు. అది ఆ పురుగుకే సోకుతుంది. మనిషికి, పశువుకు హాని చేయదు. రసాయనిక విషాల కన్నా ఎంతో మేలు. కనుక నా అభ్యంతరం వైరస్‌పై కాదు. చేనులో చల్లే మందు వేరు; తనంతట తానే వ్యాపించి, మళ్లీ వెనక్కి పిలవలేని జీవి వేరు. రెండోదానికి శాస్త్రవేత్త అనుమతి ఒక్కటే చాలదు.

తరగతిలో ఈ చర్చ పెట్టినప్పుడు ఒక విద్యార్థి అడిగాడు: ‘యానాదులు ఎప్పటికీ ఎలుకలే పట్టాలా సార్?’ న్యాయమైన ప్రశ్న. కులవృత్తిని సంస్కృతి పేరిట కీర్తించి మనుషులను అందులోనే కట్టిపడేయడం మరో రకం అణచివేత. భూమి, చదువు, కూలి గిట్టుబాటు దక్కాక ఆ పని వదలాలో, నిలుపుకోవాలో వారే తేల్చుకోవాలి. కూడు ముందు లాగేసి, ప్రత్యామ్నాయం తర్వాత ఆలోచిస్తామనడం మాత్రం విముక్తి కాదు. పైగా విషం లేకుండా పొలాన్ని కాపాడే ఆ నైపుణ్యాన్ని మన సమాజం విజ్ఞానంగా గుర్తించలేదు. ‘ఎలుకలు తినేవాళ్లు’ అనే తిట్టుగా మార్చింది.

చట్టంలోనూ వారికి చోటు చాలదు. గ్రామసభకు బలమిచ్చిన 1996 నాటి పెసా చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తుంది. రాయలసీమలో అలాంటి ప్రాంతం లేదు. షెడ్యూల్డు తెగ అయినా చిత్తూరు యానాదికి ఆ రక్షణ అందదు. మిగిలింది 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో ఏర్పడే కమిటీలు. వాటిలో యానాదులకు కుర్చీ ఉండాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వారి జ్ఞానం వారి పేరుతో నమోదు కావాలి. స్వయంగా వ్యాపించే ఏ జీవినైనా వదిలే ముందు, దానిపై ఆధారపడిన వారి సమ్మతిని తప్పనిసరి చేయాలి.

గుడిలో ఎలుకకు దక్కిన గౌరవంలో కొంతైనా గట్టుమీద దాన్ని పట్టే మనిషికి దక్కాలి. అతణ్ని అడగడంతోనే అది మొదలవుతుంది.