ముగ్గు కింద మీ పేరు

వదినలూ, మా అబ్బాయి సెల్లులో ఓ వింత ఆట చూపించాడు. కోడిగుడ్డూ, సాసేజీలూ తరుముతుంటే వంటవాడు మిరియాలపొడి చల్లి తప్పించుకుంటూ బర్గర్లు పేరుస్తాడు! పేరు బర్గర్‌టైమ్. జపాన్‌లో డేటా ఈస్ట్ కంపెనీ 1982లో తెచ్చింది. 2003లో కంపెనీ దివాలా తీసింది. ఆట మాత్రం పోలేదండీ! 2004లో సెల్‌ఫోన్ ఆటల కంపెనీ జీ-మోడ్ హక్కులు కొనుక్కుంది. ఆ పాత ఆటల్ని వేరే కంపెనీలకీ లైసెన్సు మీద ఇచ్చింది. మన కొల్లేటి చేపల చెరువులాగే. దస్తావేజు ఒకరిది, కౌలుకి తీసుకుని చేపలు పెంచేది మరొకరు.

పోయినేడు నేను సొంతంగా గీసిన ముగ్గుని ఎవరో తమ పుస్తకంలో వేసుకున్నారు, నా పేరు లేకుండానే. "ముగ్గుకి హక్కేమిటే?" అని మావారు నవ్వారు. ఉందండీ! మన చట్టంలో సొంత బొమ్మకి గీసినప్పుడే హక్కు పుడుతుంది. మనం బతికినన్నాళ్ళూ, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. అందుకే ముగ్గు ఎవరికిచ్చినా కింద పేరూ, తేదీ రాసివ్వండి. ఏమంటారు?