మేత జింకకు, మోత రైతుకు

నల్లమల అంచున వున్న చాగలమర్రి, ఆళ్లగడ్డ, రుద్రవరం ప్రాంతాల్లో పాదులు పెట్టుకున్న చిన్న రైతుకు చీడపీడలు చాలవన్నట్లు జింకల, దుప్పుల బెడద తోడయింది. పొద్దు గుంకిన తర్వాత గాని, తెల్లవారు జామున గాని మంద దిగిందంటే అలసంద, చిక్కుడు, మినుము లేత చిగుళ్లు మిగలవు. తిన్నది కొంత, తొక్కింది కొంత. మళ్లీ చిగురించినా కాపు వెనకబడుతుంది, ధర పలికే రోజులు దాటిపోతాయి.

రైతాంగం చేయని ప్రయత్నం లేదు. డబ్బాలు కొడుతున్నారు, చుట్టూ పాత చీరలు కడుతున్నారు, కోడిగుడ్డు నీళ్లలో కలిపి చల్లుతున్నారు. ఇవి పనికిరానివి కావు. కాని కొద్ది రోజులకే జింక చీరకు అలవాటు పడుతుంది, వాసన ఒక్క వానకు కొట్టుకుపోతుంది. గట్టు వెంట ఆముదం వేయడం మంచిదే, ఆ ఆకును జింక ముట్టడం అరుదు. అయినా ఆకలి మీద వున్న మందను నిజంగా ఆపేది కంచె ఒక్కటే. అది ఏడెనిమిది అడుగుల ఎత్తు వుండాలి. కింది తీగ నేలకు దగ్గరగా వుండాలి. జింక దూకుతుందని అందరూ పైకే చూస్తారు గాని, సందు దొరికితే అది కింద నుంచే దూరుతుంది.

అంత ఖర్చు భరించలేక కొందరు స్తంభం నుంచి నేరుగా కరెంటు తీగ లాగుతున్నారు. ఇది ఘోరం. జింక ఏదో, ఎద్దు ఏదో, రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను మనిషి ఎవరో ఆ తీగకు తెలియదు. సోలార్ కంచె వేరు. దాని తీగ తాకితే క్షణకాలం షాక్ కొడుతుంది, జంతువు బెదిరి పారిపోతుంది, సక్రమంగా అమర్చితే ప్రాణం పోదు. రెండూ కరెంటే కదా అనుకోరాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అదే. చట్టం వుండవలసిందే. కాని అందరి సొత్తయిన జంతువుకు మేత మాత్రం అరెకరం రైతు ఒక్కడే పెట్టాలా?

నంద్యాల జిల్లాలోనే రోళ్లపాడు అనుభవం వుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. గడ్డికి రక్షణ దొరకడంతో కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతులకు అభయారణ్యమంటేనే కంటగింపయింది. ఆ పిట్ట కూడా దక్కలేదు, కనబడడమే అపురూపమైపోయింది.

అందుచేత ఎవరి మడికి వారు దడి కట్టుకోవడం కాక, అడవి వైపు వూరి పొలాలన్నిటికీ కలిపి ఒకే సోలార్ కంచె వేయాలి. ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం భరించాలి. తీగలకు తగిలే గడ్డి, కంప కొట్టే పని గ్రామస్థులు వంతులవారీగా చూసుకోవాలి. అది మానేస్తే కంచె వున్నా లేనట్లే.

అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో చేర్చుతున్నట్లు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టాన్ని 72 గంటల్లో ఫొటోలతో తెలియజేయాలి. కూరగాయల మడికి ఇందులో చోటెంత అన్నది వేరే ప్రశ్న. ఏ జంతువులకు, ఏ జిల్లాలకు ఇది వర్తించాలన్నది రాష్ట్రమే నిర్ణయించాలి. అడవిపంది పేరు అధికారులకు వెంటనే గుర్తొస్తుంది, జింక పేరు రాదు. ఆ జాబితాలో జింక, దుప్పి రెండూ వుండేటట్లు, నల్లమల అంచు మండలాలు తప్పిపోకుండా చూడవలసిన బాధ్యత ఈ ప్రాంత ప్రజాప్రతినిధులది, జిల్లా కలెక్టరుది.