కోటలో పాట, ఊళ్లో బ్రతుకు

వానలు వెనుదిరిగి ఆకాశం తేటపడిందంటే ఉత్తరాదిన ఉత్సవాల ఋతువు ఆరంభమైనట్టే. దేశ రాజధానిలో రామలీలలకు పందిళ్లు లేస్తాయి. సంగీత సభల ఆహ్వానాలు పత్రికా కార్యాలయాలకు రావడం మొదలవుతుంది. అయితే ఈ వారం ఢిల్లీ నుంచి వ్రాయదలచినది ఢిల్లీ ముచ్చట కాదు. పాత ఢిల్లీ స్టేషనులో రాత్రి మండోర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటి ఉదయానికి చేర్చే జోధ్‌పూర్ నగరం ముచ్చట.

జోధ్‌పూర్ మహానగరమేమీ కాదు. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడి జనం పది లక్షలకు కాస్త ఎక్కువ. కాని ఆశ్వయుజ పౌర్ణమి సమీపించేసరికి ఆ మధ్యతరహా నగరానికి మహానగరాలకు సైతం లేని ఆకర్షణ ఏర్పడుతుంది. 1459లో రావ్ జోధా పునాది వేసిన మెహరాన్‌గఢ్ కోటలో, 2007 నుంచి, శరత్పూర్ణిమ వెన్నెలను ఆసరా చేసుకుని జానపద సంగీతోత్సవం జరుగుతూ వస్తున్నది. తెల్లవారుజామున జస్వంత్ థడా పాలరాతి మందిరం వద్ద కచేరీలు, రాత్రి పొద్దుపోయేదాకా కోట ప్రాంగణాలలో కచేరీలు. బ్రిటిష్ గాయకుడు మిక్ జాగర్ వంటివారు పోషకులుగా తమ పేరు జోడించడంతో ఈ ఉత్సవం ఖ్యాతి ఖండాంతరాలకు ప్రాకింది. ఇంచుమించు అవే రోజులలో రాష్ట్ర పర్యాటక శాఖ కూడా రెండు రోజుల మార్వాడ్ ఉత్సవాన్ని జరపడం ఆనవాయితీ. రానున్న శరత్తు కోసం హోటళ్లవారు, టాక్సీవారు, విదేశీ యాత్రికులు ఎదురుచూడడంలో వింత లేదు. వారితోపాటు ఎదురుచూసేవారు మరొకరున్నారు. నిజానికి ఈ ఉత్సవానికి ప్రాణం వారే. ఎడారి గ్రామాల నుంచి వాద్యాలు భుజాన వేసుకుని వచ్చే మంగణియార్, లాంగా గాయకులు.

కచేరీల విషయమై ఢిల్లీకి ఇటీవల పుట్టుకొచ్చిన ఆసక్తిని ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకోవడం అవసరం. 2025 జనవరి 25, 26 తేదీలలో కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బృందం అహమ్మదాబాదు స్టేడియంలో పాడింది. ఆ తర్వాత రెండు రోజులకే, భువనేశ్వర్‌లో జరిగిన పెట్టుబడిదారుల సమావేశంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ కచేరీల ఆర్థిక వ్యవస్థను ప్రస్తావించి, దానికి కావలసిన సదుపాయాల మీద రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రైవేటు రంగం దృష్టి పెట్టాలని కోరారు. పాట వల్ల పట్టణానికి నాలుగు రాళ్లు వస్తాయనడంలో అసత్యం లేదు. అయితే ఆర్థిక వ్యవస్థ అన్న తర్వాత ఎవరికెంత అన్న ప్రశ్న రాక తప్పదు. హోటలు గది అద్దెకు లెక్క ఉంది, విమానం టిక్కెట్టుకు లెక్క ఉంది. పాడినవాని ఇంటికి చేరినదెంత అన్న లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. జోధ్‌పూర్ ఈ ప్రశ్నను అందరికంటే సూటిగా మన ముందుంచుతున్నది.

ఇంతకూ ఎవరీ మంగణియార్లు? జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాలలో, సరిహద్దుకు ఆవల సింధు రాష్ట్రపు థార్ ప్రాంతంలో నివసించే వంశపారంపర్య గాయకులు. మతరీత్యా ముస్లిములు. వారిని పోషించే జజ్మానులలో అత్యధికులు రాజపుత్రులు మొదలైన హిందువులు. జజ్మాను ఇంట బిడ్డ పుడితే పాట, పెళ్లయితే పాట. ఆ వంశవృక్షమంతా గాయకుని నాలుక మీద ఉంటుంది. కృష్ణుని మీద భజన పాడిన గొంతుతోనే షా అబ్దుల్ లతీఫ్ సూఫీ గీతాలూ పాడతారు. ఇది లౌకికవాదం గురించి ఎవరో ఉపన్యసించగా నేర్చుకున్న పాఠం కాదు. వందల సంవత్సరాలుగా పొట్టకూటితో ముడిపడి ఉన్న ఆచారం. లాంగాలదీ ఇలాంటి వృత్తే, కాని వారి జజ్మానులు ప్రధానంగా సింధీ సిపాయి ముస్లిములు. మంగణియార్ల చేతిలో కమాయిచా, ఖడ్‌తాల్. లాంగాల చేతిలో సింధీ సారంగి. కాయ గుండ్రంగా ఉండి, దానిపై మేకతోలు బిగించిన కమాయిచా మీద కమాను కదిలినప్పుడు వచ్చే గంభీర నాదం ఒకసారి విన్నవారు మరచిపోరు.

ఈ సంబంధాన్ని కేవలం సామరస్య చిత్రంగా చూచి మురిసిపోవడం కూడా పొరపాటే. మంగణియార్ అన్న పేరులోనే అడుక్కోవడమన్న అర్థం ఉన్నది. పాట ఎంత గొప్పదైనా పాడేవాని స్థానం కులశ్రేణిలో కింది మెట్టే. జజ్మాను అన్యాయం చేస్తే అతనికి పాడడం మానివేసి, సంబంధాన్ని తెంచుకునే సంప్రదాయ హక్కు గాయకునికి ఉండేదన్న మాట వాస్తవమే. కాని కరవు కాలంలో ధాన్యం పెట్టే చేతిని వదులుకోగలిగిన వారెందరు? సంస్థానాలు పోయి, భూసంబంధాలు మారి, పల్లెలలో పాత ఇళ్ల వైభవం తరిగిపోగా, ఆ ఆశ్రయం సన్నగిల్లింది. ఆశ్రయం తగ్గినంత వేగంగా చిన్నచూపు తగ్గలేదు.

సరిగా ఆ సంధికాలంలోనే కోమల్ కొఠారీ అనే పండితుడు రంగంలోకి వచ్చారు. రచయిత విజయదాన్ దేథాతో కలిసి ఆయన 1960లో జోధ్‌పూర్ జిల్లా బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్‌ను నెలకొల్పారు. ఊరూరా తిరిగి పాటలను టేపులకెక్కించారు. జజ్మాను గుమ్మం దాటి ఎరుగని గాయకులను నగర వేదికల మీదికి, తర్వాత విదేశాలకు తీసుకుపోయారు. 1982లో బ్రిటన్‌లోను, 1985–86లో అమెరికాలోను భారతోత్సవాలు జరిగిననాడు రాజస్థాన్ ఎడారి సంగీతం మన దేశపు ప్రతిష్ఠలో భాగమైపోయింది. 2004లో పద్మభూషణ్ పొంది, అదే సంవత్సరం కొఠారీ కన్నుమూశారు. కమాయిచా విద్వాంసుడు సాకర్ ఖాన్‌కు 2012లో, అన్వర్ ఖాన్‌కు 2020లో, సింధీ సారంగి వాదకుడు లాఖా ఖాన్‌కు 2021లో పద్మశ్రీ లభించింది. 1999లో వచ్చిన ఒక హిందీ చిత్రం ద్వారా దేశమంతటా మ్రోగిన ‘నింబూడా’ పాట కూడా ఈ మంగణియార్ల గొంతులలో నుంచి వచ్చినదే. ఇవన్నీ సంతోషించదగిన విషయాలు. కాని వీటి పక్కనే మరొక సంఘటనను ఉంచి చూడక తప్పదు.

2017 శరన్నవరాత్రులలో, సెప్టెంబరు నెలాఖరున, జైసల్మేర్ జిల్లా దాంతల్ గ్రామంలోని గుడిలో ఒక మంగణియార్ గాయకుడు రాత్రివేళ దేవి ముందు పాడుతున్నాడు. దేవత తనను ఆవహించేటట్టు అతడు పాడలేదని ఊరి భూతవైద్యుడు ఆగ్రహించాడు. ఆ రాత్రే గాయకుడు హతుడయ్యాడు. పోలీసు కేసు పెట్టిన తర్వాత ఊళ్లో తమకు రక్షణ లేదని భయపడి దాదాపు రెండువందల మంది, ఆడవారు, పిల్లలతో సహా, తరాలుగా తమవారు పాడుతూ వచ్చిన ఆ ఊరు వదలి జైసల్మేర్ పట్టణంలో తలదాచుకున్నారు. ఆ సంవత్సరం శరత్పూర్ణిమ అక్టోబరు 5న వచ్చింది. అంటే, దాంతల్‌లో పాట ఆగిపోయిన వారం పది రోజులలోనే జోధ్‌పూర్ కోట మీద పాట మొదలైందన్నమాట. వెన్నెల ఒక్కటే, సంగీతం ఒక్కటే. కోటలో చప్పట్లు కొట్టిన చేతులు వేరు, ఊళ్లో ఎత్తిన చేతులు వేరు.

దీనికి ఉత్సవ నిర్వాహకులను బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. వారు లేకపోతే ఎందరో యువకులు ఈపాటికి వాద్యం అటకెక్కించి హోటళ్లలో పనికి కుదురుకునేవారు. తండ్రికి జజ్మాను ముందు నేల మీద కూర్చోవడమే తెలిస్తే, కొడుకు వేదిక మీద సమాన స్థాయిలో విదేశీ కళాకారుల పక్కన కూర్చుంటున్నాడు. ఆ మార్పు చిన్నది కాదు. అయితే సంవత్సరంలో అయిదు రాత్రుల గౌరవం తక్కిన మూడువందల అరవై రోజుల బ్రతుకుకు హామీ కాలేదన్నది మాత్రం నిజం. పాత జజ్మాను స్థానంలో ఉత్సవం, పర్యాటక శాఖ, రికార్డింగు కంపెనీ కొత్త జజ్మానులుగా వచ్చి, గాయకుడు పూర్వంలాగే వారి దయకు లోబడి ఉండేటట్లయితే, మారినది ఆశ్రయం పేరే తప్ప ఆశ్రిత స్థితి కాదు. పాడేవారికి కావలసినది దయ కాదు, హక్కు.

హక్కుల విషయంలో ఢిల్లీ చేసినదేమిటో పరిశీలిద్దాం. వృద్ధ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే సహాయం నెలకు గరిష్ఠంగా ఆరు వేల రూపాయలు. దానికి అరవై ఏళ్లు నిండాలి, ఆదాయ పత్రం చూపాలి, కళారంగానికి చేసిన సేవకు ఆధారాలు జతపరచాలి. సేవకు సాక్ష్యం ఒక ఇసుక పల్లెలోని పెళ్లిళ్లే అయిన మనిషి ఏ కాగితం తెస్తాడు? అతని పాటే కాగితం ఎరుగని పాట. కాపీరైటు చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1994 సవరణ ద్వారా ప్రదర్శకుని హక్కులు చట్టంలోకి వచ్చాయి. 2012 సవరణ ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకుంటే ప్రదర్శకునికి రాయల్టీ దక్కాలన్నది. కాని ఒక కులమంతా తరతరాలుగా కాపాడిన పాటకు కర్త ఎవరన్న ప్రశ్నకు ఆ చట్టం వద్ద సమాధానం లేదు. ఎవరిదీ కాని సొత్తు చివరకు బలవంతుని సొత్తవుతుందన్నది లోకరీతి.

ఇది రాజస్థాన్ కథ కదా అని తెలుగు పాఠకులు తప్పించుకోవడానికి లేదు. పన్నెండు మెట్ల కిన్నెర మీద వీరగాథలు వినిపించిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్న సంగతి పత్రికలలో వచ్చింది. కులాల వంశచరిత్రలు పాడి పొట్టపోసుకునే ఆశ్రిత కళాకారులు మన పల్లెలలోనూ ఉన్నారు. కిన్నెరకైనా, కమాయిచాకైనా ఢిల్లీ పతకం దారి చూపింది గాని అన్నం పెట్టలేదు.

మరి చేయవలసినదేమిటి? అసాధ్యమైన కోరికలు అక్కరలేదు. ప్రభుత్వ ధనం ఏ రూపంలో అందుకున్న ఉత్సవమైనా గాయకునితో వ్రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోవాలి. పారితోషికం మధ్యవర్తి చేతికి గాక నేరుగా అతని ఖాతాకు చేరాలి. చెల్లించిన మొత్తాలను బహిరంగపరచాలి. పింఛనుకు కాగితాలకు బదులు కళాకారుల సంఘం, పంచాయతీ ధ్రువీకరణ చాలుననాలి. కమాయిచా తయారుచేసే పనివారికి, నేర్చుకునే పిల్లలకు ఉపకార వేతనాలుండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, దాంతల్ వంటిది మరొకటి జరిగిన రోజున ఊరు వదలి పోవలసినవారు బాధితులు కారాదు. ఆ బాధ్యత సాంస్కృతిక శాఖది కాదు, హోం శాఖది, జిల్లా కలెక్టరుది. సంగీతాన్ని కాపాడడం శాంతిభద్రతల సమస్య కూడానన్న సంగతిని మన పరిపాలకులు ఇంకా గ్రహించలేదు.

ఇక సరిహద్దు మాట. 1965 యుద్ధంతో ఆగిపోయిన జోధ్‌పూర్–కరాచీ రైలు మార్గం నలభై ఏళ్ల తర్వాత 2006లో తెరుచుకుంది. థార్ ఎక్స్‌ప్రెస్ నగరంలోని భగత్ కీ కోఠీ స్టేషను నుంచి బయలుదేరి మునాబావ్ మీదుగా బంధువులను బంధువులతో కలిపింది. 2019 ఆగస్టులో అది ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో యాత్రికులను పొట్టనపెట్టుకున్న ఘాతుకం తర్వాత వీసాల తలుపులు కూడా మూసుకున్నాయి. ఆ నెత్తుటి మరకలను విస్మరించమని ఎవరూ అనరు. ముష్కరుల పట్ల ఉదాసీనతను ఏ దేశమూ సహించజాలదు. కాని పాకిస్తానీ కళాకారులను భారతీయులు పనిలో పెట్టుకోకుండా పూర్తిగా నిషేధించాలన్న పిటిషన్‌ను 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు, నవంబరులో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చిన విషయం కూడా స్మరణీయమే. ఇరువైపులా ఒకే సూఫీ కవిని, ఒకే భాషలో, ఒకే వాద్యం మీద పాడుకునే మంగణియార్లకు ఈ ముళ్లకంచె తమ ఇంటి మధ్య లేచిన గోడ. పరిస్థితులు చక్కబడిన నాడు మొదట తెరవవలసిన దారి వారిది.

రానున్న పున్నమి రాత్రి కోట మీద కమాయిచా మ్రోగుతుంది. వినడానికి పోగలవారు పోవలసిందే. అంతటి సంగీతం నిత్యం దొరికేది కాదు. కచేరీల వ్యాపారం గురించి రేపు పార్లమెంటులో ఎవరైనా మంత్రి గొప్పగా చెప్పబూనినప్పుడు మాత్రం మన సభ్యులు లేచి రెండు ప్రశ్నలు అడగాలి: పాడినవానికి ముట్టినదెంత? పాడి ఇంటికి పోయినవాడు తన ఊళ్లో నిర్భయంగా నిద్రపోయాడా? ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగిన ప్రభుత్వానికే ఆ సంగీతాన్ని దేశపు సంపద అని చాటుకునే అర్హత ఉంటుంది.