బెత్తమా? బెల్లమా?

కోనసీమలో కొబ్బరితోటయు, తోటలో పశువుల పాకయు లేని గ్రామము అరుదు. ఆ పాకలలో ప్రతి ప్రాతఃకాలమున ఒక చిన్న వింత జరుగుచుండును. దూడ నోరు తగిలినప్పుడు ఆవు చేపుట సహజము. కాని పాలచెంబు చప్పుడు వెంట ప్రతిదినము దూడ వచ్చుచుండుటచే, కొన్నాళ్ళకు ఆ చప్పుడు వినినంతనే ఆవు చేపును. చెంబు చప్పుడునకును పాలకును సహజమైన సంబంధ మేదియు లేదు. అలవాటే దానిని కల్పించినది.

1904లో నోబెలు బహుమానము నందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవు కుక్కలయందు ఈ ధర్మమునే పరిశోధించెను. ఆహారమునకు ముందు ప్రతిసారియు ఒక చప్పుడు వినిపించగా, క్రమముగా ఆ చప్పుడునకే వాని నోట లాలాజలము ఊరెను. ఇది శాస్త్రీయ నిబంధనము. చప్పుడు వెంట వచ్చు ఆహారమే పునర్బలనము. అనగా అలవాటునకు బలము చేకూర్చునది. ఆహారము మానిన, ఆ అలవాటును సన్నగిల్లును.

అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నరు 1938లో ప్రకటించిన గ్రంథమున మరియొక మార్గమును చూపెను. పెట్టెలోని ఎలుక మీట నొక్కిన ఆహారము పడును; కావున అది మరల మరల నొక్కును. ఇది కార్యసాధక నిబంధనము. ఇందు పని ముందు, ఫలము వెనుక.

ఫలము రెండు విధములు. మేలు కలుగుట యొకటి. బాధ తొలగుట రెండవది. ఎండలో నడచువాడు చెట్టునీడ చేరి సుఖించి, మరునాడును ఆ నీడనే వెదకును. ఇది రుణాత్మక పునర్బలనము. దీనిని దండన యని పలువురు పొరబడుదురు. పునర్బలన మేదైనను పనిని పెంచును; దండన పనిని అణచును.

ఇప్పుడు బడిని తలపుడు. వెనుకటి వీధిబడులలో బెత్తమును, కోదండమును ఉండెను. దసరాకు పప్పుబెల్లములును ఉండెను. దెబ్బలు లేనిదే చదువు రాదని నేటికిని కొందరు పెద్దలు వాదింతురు. దెబ్బ అల్లరిని అప్పటికి ఆపుననుట నిజమే. కాని చేయవలసిన దేమో అది నేర్పదు. పైగా బెత్తముతో జతపడిన పుస్తకము, చప్పుడు లాలాజలమును రప్పించినట్లు, భయమును రప్పించును. బాలుడు బడి ఎగగొట్టిన ఆ భయము తొలగును. కావున ఎగగొట్టుటయే బలపడును. చదువు నేర్పవలెనని పట్టిన బెత్తము చదువునుండి పారిపోవుట నేర్పినది! 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో శారీరక దండనను నిషేధించుట మిక్కిలి సమంజసము.

మరి బెల్లము లంచము కాదా యని అడుగవచ్చును. ఏడ్చువానిని ఊరుకోబెట్టుటకు పెట్టిన బెల్లము ఏడ్పునే పెంచును, అది లంచమే. కష్టపడి లెక్క చేసినవానితో వెంటనే పలికిన మెచ్చుకోలు అట్టిది కాదు. అది శ్రమకు తగిన ఫలము. మెప్పు పొల్లు కారాదు, ఆలస్యమును కారాదు.

బాలబాలికలారా! ఇంట తమ్మునికో చెల్లెలికో అక్షరములు నేర్పు పని మీకు తటస్థించును. తప్పిన అక్షరమునకు మొట్టికాయ వేయకుడు. సరిగా దిద్ది చూపుడు. కుదిరిన అక్షరమును చూచి వెంటనే మెచ్చుకొనుడు. పలకను చూచి నవ్వు బిడ్డయే రేపు పుస్తకమును ప్రేమించును.